సలెర్నోలో మకాం పెట్టి అమాల్ఫీ తీరం చూడటం ఎలా? వారం రోజుల సమగ్ర మార్గదర్శి

ఇటలీ వెళ్లే మనవాళ్లలో చాలామంది ప్లాన్ ఒకేలా ఉంటుంది: రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, మధ్యలో రోమ్ నుంచి ఒక్కరోజు బస్సు టూర్‌లో పాంపేయి శిథిలాలు, అమాల్ఫీ తీరంలోని పొసిటానో ఊరు. పొద్దున చీకట్లో ఎక్కిస్తారు, రాత్రి పదింటికి దింపుతారు, పొసిటానోలో రెండు గంటలు వదిలి ఫోటోలు దిగమంటారు. దీన్ని అమాల్ఫీ తీరం చూడటం అనలేం. అలాగని పొసిటానోలోనే దిగుదామంటే సీజన్‌లో గది అద్దె వింటేనే కళ్లు తిరుగుతాయి.

అసలు విషయం ఏంటంటే, అమాల్ఫీ తీరం దాదాపు మొత్తం సలెర్నో అనే ప్రావిన్స్‌లో ఒక మూల మాత్రమే. మన లెక్కలో జిల్లా అనుకోండి. ఈ జిల్లాకి కేంద్రం సలెర్నో నగరం. దానికి పడమట అమాల్ఫీ కొండలు, దక్షిణాన సెలె నది మైదానం, అక్కడే గేదెల పాకలు, రెండున్నర వేల ఏళ్ల నాటి గ్రీకు గుళ్లు, ఇంకా కిందికి వెళ్తే చిలెంతో అనే జాతీయ వనం, దాని బీచ్‌లు. ఉత్తరాన రైలెక్కితే పాంపేయి, నేపుల్స్. నా సలహా ఒక్కటే: మకాం సలెర్నోలో పెట్టండి, ఉన్న రోజుల్లో సగమైనా దక్షిణం వైపుకి ఇవ్వండి. ఎలాగో వరసగా చెప్తాను.

1. ముందు నెల ఖాయం చేసుకోండి

మే రెండో వారం నుంచి జూన్ సగం దాకా, లేదంటే సెప్టెంబర్. సముద్రంలో దిగాలని ఉంటే సెప్టెంబరే మేలు, ఎండాకాలమంతా కాగిన నీళ్లు అప్పటికి గోరువెచ్చగా ఉంటాయి. ఆగస్టు వద్దు. ఆగస్టు 15న ఫెర్రాగోస్తో పండగ, దానికి అటూ ఇటూ ఇటలీ సగం సముద్రం ఒడ్డునే ఉంటుంది, బస్సులో నిలబడటానికి కూడా చోటు దొరకదు. పిల్లల స్కూల్ సెలవులని ఏప్రిల్ చివర్లో వెళ్లేవాళ్లకి కొండలు, ఊళ్లు, గుళ్లు హాయిగా ఉంటాయి కానీ నీళ్లు చల్లగా ఉంటాయి.

నవంబర్ నుంచి మార్చి దాకా పొసిటానోలో చాలా హోటళ్లు మూసేస్తారు, పడవలు తిరగవు. సలెర్నో నగరం మాత్రం చలికాలంలోనూ బతికే ఉంటుంది, నవంబర్ నుంచి జనవరి దాకా వీధి వీధినా దీపాల అలంకరణ పెడతారు, అది చూడటానికే ఇటాలియన్లు బస్సులేసుకుని వస్తారు.

2. వీసా పని

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. ఆ ఆఖరి గడువుని మాత్రం నమ్ముకోకండి, వేసవి ముందు స్లాట్ దొరకడమే పెద్ద పని. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీలు వేరే. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. బుకింగ్‌లు క్యాన్సిల్ చేసుకునే వీలున్నవే పెట్టండి.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇండియా వచ్చి అప్లై చేయక్కర్లేదు, అక్కడి నుంచే చేయొచ్చు. కాకపోతే అమెరికా వీసా ఉంది కదా అని ఇటలీలోకి రానివ్వరు, అది వేరు ఇది వేరు. అమెరికన్ పాస్‌పోర్ట్ వచ్చినవాళ్లకి 90 రోజుల వరకు వీసా గొడవ లేదు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో రెసిడెన్స్ పర్మిట్ మీద ఉన్న మనవాళ్లకీ విడిగా వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్, పర్మిట్ రెండూ జేబులో ఉంటే చాలు.

3. మకాం ఎక్కడ, ఎందుకు

సలెర్నోలో రైల్వే స్టేషన్, పడవల రేవు, బస్సులు ఆగే చోటు అన్నీ నడిచి వెళ్లేంత దగ్గర. అందుకే గది స్టేషన్‌కీ పాత ఊరికీ మధ్యలో వెతకండి, కోర్సో విట్టోరియో ఎమానుయెలే అనే వీధి పక్కన అయితే సరిగ్గా సరిపోతుంది. ఆ వీధిలో కార్లు తిరగవు, సాయంత్రం ఊరు ఊరంతా అక్కడే షికారు కొడుతుంది.

పొసిటానో, అమాల్ఫీ ఊళ్లు కొండకి అతుక్కుని ఉంటాయి. "రోడ్డు నుంచి రెండు నిమిషాలు" అని హోటల్ వాళ్లు రాసేది నిజమే, కాకపోతే ఆ రెండు నిమిషాలూ మెట్లే. ఇరవై మూడు కిలోల సూట్‌కేసులు రెండేసి లాక్కెళ్లే మనలాంటివాళ్లకి, అందులోనూ మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వెంట ఉంటే, అది సెలవు కాదు శిక్ష. సలెర్నోలో స్టేషన్ నుంచి హోటల్ దాకా నేల చదునుగా ఉంటుంది.

ఒక్క రాత్రయినా ఆ కొండల్లో పడుకోవాలనుంటే అత్రానీలో పడుకోండి. అమాల్ఫీ నుంచి నడిస్తే పది నిమిషాలు. వైశాల్యంలో ఇటలీ మొత్తంలో అతి చిన్న మునిసిపాలిటీ ఇదే, 0.12 చదరపు కిలోమీటర్లు. టూర్ బస్సులు వెళ్లిపోయాక చౌరస్తాలో పిల్లలు బంతాట ఆడుకుంటారు, బాల్కనీల నుంచి అమ్మలు భోజనానికి కేకేస్తుంటారు.

హోటల్ బిల్లు కాక మనిషికి ఇంత, రాత్రికి ఇంత అని ఊరి పన్ను అడుగుతారు. మోసమేమీ కాదు, ఇటలీలో చాలా ఊళ్లలో ఉన్నదే. నగదు అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి చిల్లర ఉంచుకోండి.

4. చేరుకోవడం

రోమ్ తెర్మినీ స్టేషన్ నుంచి సలెర్నోకి నేరుగా హైస్పీడ్ రైళ్లున్నాయి, ఫ్రెచ్చారొస్సా, ఇతాలో అని రెండు కంపెనీలవి. రెండు గంటలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. ముందుగా కొంటే టికెట్ చవక, ముందు రోజు కొంటే రేటు రెండింతలైనా ఆశ్చర్యపోవద్దు. నేపుల్స్ విమానాశ్రయంలో దిగితే బస్సులో నేపుల్స్ చెంత్రాలే స్టేషన్‌కి వచ్చి అక్కడ రైలెక్కండి, ఓ ముప్పావు గంట. 2024 జూలై నుంచి సలెర్నోకి సొంత విమానాశ్రయం కూడా నడుస్తోంది కానీ దాంట్లో యూరప్ లోపలి విమానాలే, అవీ సీజన్‌ని బట్టి.

ప్రాంతీయ రైళ్లకి కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరుండే చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్ ఉన్నా లేనట్టే, జరిమానా వేస్తారు, "టూరిస్టుని, తెలీదు" అన్నా వినరు. యాప్‌లో కొన్నదైతే ఎక్కే ముందు చెక్ ఇన్ నొక్కాలి.

5. మొదటి రోజు సలెర్నోకే ఇవ్వండి

చాలామంది ఈ ఊరిని రైలు మారే జంక్షన్ లాగా చూస్తారు. విమానం బడలికతో దిగిన రోజున కొండదారుల్లో పడే బదులు ఇక్కడే తిరగండి.

పాత ఊళ్లో మెర్కాంతీ వీధి పట్టుకుని కేథడ్రల్ దాకా వెళ్లండి. నార్మన్ డ్యూక్ రొబెర్తో గిస్కార్డో కట్టించాడు, 1084లో ప్రతిష్ఠ జరిగింది. కింద భూగృహంలో సెయింట్ మాథ్యూ అవశేషాలున్నాయంటారు. పైన చర్చి సాదాగా ఉంటే కింద గోడలు, కప్పు అంతా రంగురాళ్ల పొదుగుడు, మెట్లు దిగగానే వేరే చోటికి వచ్చినట్టుంటుంది. సెప్టెంబర్ 21 ఆయన పండగ, ఆ రోజు వీధుల్లో తినేది దూడ తిల్లిని మసాలాతో కూరి వండిన ముక్క. హైదరాబాద్‌లో తిల్లి వేపుడు ఇష్టంగా తినేవాళ్లు తప్పక ప్రయత్నించాలి, మిగతావాళ్లు మర్యాదగా తప్పుకోవచ్చు.

మధ్యయుగంలో ఈ ఊరు వైద్యానికి పేరుపడింది. సలెర్నో వైద్య పాఠశాలకి యూరప్ నలుమూలల నుంచి జనం వచ్చేవాళ్లు, దాన్ని ఒక గ్రీకు, ఒక యూదు, ఒక అరబ్బు, ఒక లాటిన్ వైద్యుడు కలిసి మొదలుపెట్టారని ఊళ్లో కథ చెప్తారు. స్త్రీల వైద్యంలో పేరున్న త్రోతా ఇక్కడిదే. ఆ రోజుల గుర్తుగా కొండవాలున మినెర్వా తోట ఉంది. 14వ శతాబ్దంలో మత్తెయో సిల్వాతికో అనే వైద్యుడు మందుమొక్కలు పెంచిన చోటు, ఇప్పుడు అంచెలంచెలుగా మళ్లీ వేశారు. పైఅంచెలో కూర్చుంటే నగరం, రేవు, సముద్రం అన్నీ కనిపిస్తాయి.

6. అమాల్ఫీ తీరానికి రెండు రోజులు: వెళ్లేటప్పుడు పడవ

సలెర్నో రేవు నుంచి ఏప్రిల్ మొదలు అక్టోబర్ దాకా పడవలు తిరుగుతాయి. అమాల్ఫీకి 35 నిమిషాలు, పొసిటానోకి గంట పైన. టికెట్ బస్సు కన్నా ఎక్కువే, అయినా ఒకవైపైనా పడవలోనే వెళ్లండి, ఎందుకంటే ఈ తీరం అందం రోడ్డు మీద నుంచి సగమే తెలుస్తుంది, కొండ మొత్తం కనిపించాలంటే నీళ్ల మీద ఉండాలి. పొద్దున మొదటి పడవ పట్టండి. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు, కాబట్టి బస్సు ప్లాన్ ఒకటి జేబులో ఉండాలి.

బస్సులు సీతా సుద్ అనే కంపెనీవి. టికెట్ ముందే పొగాకు దుకాణంలోనో బార్‌లోనో కొనాలి, ఎక్కగానే ముద్ర వేయాలి. సలెర్నో నుంచి వెళ్తూ ఎడమవైపు కూర్చుంటే సముద్రం మీ పక్కనే, తిరిగొచ్చేటప్పుడు కుడివైపు. మలుపుకో హారన్ కొడతారు, ఎదురుగా ఇంకో బస్సొస్తే రెండిట్లో ఒకటి వెనక్కి వెళ్లాలి, అద్దాలు మడిచి వేళ్ల సందంత ఖాళీలో దాటిస్తారు. వాంతులయ్యే అలవాటున్నవాళ్లు మాత్ర ముందే వేసుకోండి.

కారు వద్దు. ఇది గట్టిగా చెప్తున్నా. ఎస్ఎస్163 అనే ఆ ఒక్క రోడ్డే అందరికీ, పార్కింగ్ దొరకదు, దొరికితే గంటకి హోటల్ భోజనమంత. పైగా సీజన్‌లో కొన్ని రోజులు నంబర్ ప్లేట్ చివరి అంకె సరి, బేసిని బట్టి వంతులవారీగా పగటిపూట వదులుతారు, అద్దె కార్లకీ ఆ రూలే.

మొదటి రోజు అమాల్ఫీ, రవెల్లో. అమాల్ఫీ ఒకప్పుడు వెనిస్, జెనోవా, పీసాలతో పోటీపడిన సముద్ర గణరాజ్యం, ఇప్పుడు అయిదు వేల మంది ఊరు. కేథడ్రల్ ముందు 62 మెట్లు, పక్కనే తెల్లని జంట స్తంభాల ప్రాంగణం, అది చూడకుండా మెట్ల మీద ఫోటో దిగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఊరి వెనకాల లోయలో కాగితపు మిల్లు మ్యూజియం ఉంది. పాత గుడ్డలని నీటి చక్రాలతో నడిచే కొయ్య సుత్తులతో నలగ్గొట్టి గుజ్జు చేసి కాగితం తీసేవాళ్లు, మీ చేత కూడా ఒక కాగితం తీయిస్తారు. పిల్లలుంటే దీన్ని వదలొద్దు.

అక్కడి నుంచి బస్సులో రవెల్లో ఎక్కండి, సముద్రానికి దాదాపు 350 మీటర్ల పైన. విల్లా రుఫోలో తోట చూసి జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ 1880లో తన ఒపెరాలోని మాయా తోట ఇదేనన్నాడట, ఆ పేరు మీదే 1953 నుంచి ఇక్కడ వేసవి సంగీతోత్సవం నడుస్తోంది. రెండు తోటల్లో ఒక్కటే చూసే టైముంటే నేనైతే విల్లా చింబ్రోనే అంటాను. దారి కాస్త దూరం, చివర పాలరాతి విగ్రహాలు వరసగా నిలబెట్టిన పిట్టగోడ, దాని అవతల ఏమీ ఉండదు, నేరుగా కింద సముద్రమే.

రెండో రోజు నడిచే ఓపిక ఉంటే దేవతల బాట అనే కొండ నడకదారి. అమాల్ఫీ నుంచి బస్సులో అజెరోలాలోని బొమెరానోకి వెళ్లి అక్కడి నుంచి నొచెల్లె దాకా నడవాలి, ఆరేడు కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే మూడు గంటలు. ఈ దిశలోనే నడవండి, ఎక్కుడు తక్కువ. నొచెల్లె నుంచి పొసిటానో వైపు దిగే మెట్లు పదిహేను వందల పైనే, మోకాళ్లు వద్దంటే అక్కడే చిన్న బస్సుంది. చెప్పులతో వెళ్లొద్దు, మంచి బూట్లు వేసుకోండి, నీళ్లు దండిగా పట్టుకెళ్లండి.

నడక వద్దనుకునేవాళ్లు సలెర్నో వైపు ఉన్న చిన్న ఊళ్లు చూడండి, జనం తక్కువ, తిండి మేలు. వియెత్రి సుల్ మారేలో పింగాణీ, మయోరి నుంచి మినోరి దాకా నిమ్మతోటల మధ్య మెట్లదారి, మినోరిలో రోమన్ల నాటి విల్లా. ఇక్కడి నిమ్మకాయ మన నిమ్మకాయ కాదు, చూడటానికి మన దబ్బకాయకి చుట్టంలా పొడుగ్గా, మొనదేలి ఉంటుంది. చెస్ట్‌నట్ కర్రల పందిళ్ల మీద పెంచుతారు. తొక్క కింది తెల్లటి గుజ్జు చేదుండదు, పల్చగా కోసి అలాగే తినేస్తారు.

చెతారాలో మాత్రం తప్పకుండా ఆగండి, మన కోస్తావాళ్లకి మరీ. ఊరంతా నెత్తళ్ల మీద బతుకుతుంది. నెత్తళ్ల తల తీసి, ఉప్పు ఒక పొర, చేపలు ఒక పొర వేసి కొయ్య పీపాలో పేర్చి పైన బరువు పెట్టి నెలల తరబడి ఉంచుతారు, అడుగున చుక్కచుక్కగా దిగే ముదురు బంగారు రంగు రసమే కొలతూరా. వేడి స్పగెట్టీలో వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఈ రసం ఒక చెంచా, అంతే. వాసన చూసి ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకోవచ్చు, ఉప్పుచేప రుచి తెలిసిన నాలుకకి ఇంకేం చెప్పక్కర్లేదు. చిన్న సీసా ఇంటికి తెచ్చుకోవాలంటే చెకిన్ బ్యాగ్‌లో రెండు కవర్లు చుట్టి పెట్టండి.

7. పెస్తుమ్: ఈ ప్రయాణంలో అసలు రోజు

సలెర్నో నుంచి దక్షిణానికి ప్రాంతీయ రైలు, అరగంట పైన. స్టేషన్‌లో దిగి పాత గోడ ద్వారం దాటి నేరుగా నడిస్తే గుళ్లు వచ్చేస్తాయి. గ్రీకులు క్రీ.పూ. 600 ప్రాంతంలో పొసెయిదోనియా అని కట్టుకున్న ఊరు, తర్వాత లుకానియన్లు అనే ఇటలీ తెగ చేతికి, క్రీ.పూ. 273లో రోమన్ల చేతికి వచ్చింది, ఆ తర్వాత బురద, దోమలు, మలేరియాతో ఊరు ఖాళీ అయింది. జనం పోవడం వల్లే రాళ్లు మిగిలాయి. మూడు గుళ్లు నిలబడే ఉన్నాయి, గ్రీస్‌లోనే ఇంత బాగా మిగిలినవి కొన్నే.

తొందరపడకుండా స్తంభాలు లెక్కపెట్టండి. అన్నిటికన్నా పాతది, బసిలికా అని పిలిచేది, క్రీ.పూ. 550 నాటిది, ముందు తొమ్మిది స్తంభాలు. బేసి సంఖ్య కాబట్టి సరిగ్గా మధ్యలో ఒక స్తంభం అడ్డొస్తుంది, గుడికి నడుమ దారే లేదు. స్తంభాలు కూడా నడుం దగ్గర బాగా ఉబ్బి పైకి సన్నబడతాయి. పక్కనే వందేళ్ల తర్వాత కట్టిన నెప్ట్యూన్ గుడి, ముందు ఆరే స్తంభాలు, మధ్యలో దారి, ఉబ్బు తగ్గింది, కొలతలు కుదిరాయి. ఆ వందేళ్లలో వాళ్ల శిల్పులు ఏం నేర్చుకున్నారో రెండిటి మధ్య నిలబడితే ఏ గైడూ లేకుండానే అర్థమవుతుంది. అందుకే గుళ్లు ముందు చూసి, ఎండ ముదిరాక మ్యూజియంలోకి వెళ్లండి.

మ్యూజియంలో 1968లో దొరికిన సమాధి ఒకటుంది. అయిదు సున్నపురాతి పలకలు, నాలుగు పక్క పలకల మీద విందు బొమ్మలు. మూత లోపలివైపు, అంటే చనిపోయినవాడికి ఎదురుగా ఉండే వైపు, ఒక కుర్రాడు ఎత్తు నుంచి నీళ్లలోకి దూకుతున్నాడు, బట్టల్లేవు, చేతులు ముందుకి చాచి, గెడ్డం పైకెత్తి, రెండు సన్నటి చెట్ల మధ్య గాల్లోనే ఉన్నాడు. క్రీ.పూ. 480, 470 ప్రాంతంలో గీశారు. ఆ బొమ్మ ముందు బెంచీ ఖాళీ అయ్యేదాకా ఆగైనా కాసేపు కూర్చోండి.

ఇదే రోజు గేదెల దగ్గరికి కూడా. ఈ మైదానం బఫెలో మొజరెల్లాకి, అంటే గేదెపాల చీజ్‌కి పుట్టిల్లు లాంటి చోటు, అది చేసే పాలశాలలు చాలా చూడనిస్తాయి, కొన్నిటికి ముందే చెప్పి వెళ్లాలి. పనివాళ్లలో పంజాబీలు చాలామంది, మీరు హిందీలో పలకరిస్తే ముఖం వెలిగిపోతుంది. విరిచిన పాల ముద్దని మరిగే నీళ్లలో కర్రతో సాగదీసి సాగదీసి, పట్టులా మెరిసేటప్పుడు ఒకరు పట్టుకుంటే ఒకరు బొటనవేలు, చూపుడువేలుతో పుటుక్కున తుంచి ఉప్పునీళ్లలో వేస్తారు. గేదెపాల రుచి పుట్టినప్పటి నుంచి తెలిసిన మనకి మొదటి ముక్కతోనే తేడా పట్టుబడుతుంది. అదే రోజు, ఫ్రిజ్‌లో పెట్టకుండా తినాలి. గుళ్లకి ముందే, పొద్దున్నే వెళ్లండి, సరుకు మధ్యాహ్నానికి అయిపోవచ్చు.

8. చిలెంతో, పాదుల: ఇక్కడ మాత్రం కారు

సలెర్నోలో రెండు రోజులకి కారు తీసుకోండి. ఇండియన్ లైసెన్స్‌తో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి, మన ఆర్టీవో ఆఫీసులోనే ఇస్తారు. దక్షిణానికి వెళ్లే ఏ2 హైవేకి టోల్ లేదు. పాత ఊళ్ల మధ్యలోకి మాత్రం కారు పోనివ్వొద్దు, జెడ్‌టీఎల్ (బయటి కార్లకి ప్రవేశం లేని చోటు) అని బోర్డుంటే అక్కడ కెమెరా ఉన్నట్టే, చలానా మీరు ఇంటికొచ్చి ప్రయాణం మర్చిపోయాక వస్తుంది, దాని మీద అద్దె కంపెనీ చార్జీ వేరే.

ఒక రోజు లోపలికి. పెర్తోసా గుహల్లోకి భూమి కింద పారే నది మీద పడవలో వెళ్తారు, లోపల చలి, స్వెటర్ తీసుకెళ్లండి. అక్కడి నుంచి పాదుల మఠం. 1306లో మొదలుపెట్టి నాలుగు వందల ఏళ్లు కడుతూనే ఉన్నారు, మధ్య ప్రాంగణమే సుమారు 12,000 చదరపు మీటర్లు. మౌనవ్రతం పట్టిన సన్యాసులకి అంత ప్యాలెస్ ఎందుకో నాకైతే అర్థం కాలేదు. 1535లో చక్రవర్తి ఐదో చార్లెస్ వస్తే వెయ్యి గుడ్లతో అట్టు వేసిపెట్టారని కథ, వంటగది చూస్తే నమ్మాలనిపిస్తుంది.

ఇంకో రోజు తీరం వెంట. కస్తెల్లబాతె కొండ మీది ఊరు, తర్వాత పియోప్పి అనే చిన్న పల్లె. మెడిటరేనియన్ డైట్ గురించి ప్రపంచానికి చెప్పిన అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ ఇక్కడే ఇల్లు కట్టుకుని ఏళ్ల తరబడి ఉన్నాడు. ఓపికుంటే వేలియా, తత్వవేత్తలు పర్మెనిదెస్, జీనో పుట్టిన ఊరి శిథిలాలు. చివర పలినూరో, పడవలో నీలి గుహ చూడొచ్చు. కాప్రి ద్వీపంలో ఉన్నదానికి పేరెక్కువ, ఇక్కడ క్యూ తక్కువ.

బీచ్‌లో గొడుగు, పడక కుర్చీలు వరసగా ఉంటే అది డబ్బులిచ్చేది. ఊరికే తుండు పరుచుకోవాలంటే స్పియాజ్జా లీబెరా అని బోర్డు వెతకండి.

9. పాంపేయి

దీని గురించి అందరూ రాస్తారు కాబట్టి పనికొచ్చేవి మాత్రం చెప్తా. సలెర్నో నుంచి ప్రాంతీయ రైల్లో వెళ్లొచ్చు. రోజుకి 20,000 మందినే వదులుతున్నారు, టికెట్ మీద పేరుంటుంది, కాబట్టి ముందే కొనండి, పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి. నీడ ఉండదు, టోపీ, సీసా తప్పనిసరి, వీధి కుళాయిల్లో మంచినీళ్లు వస్తాయి. నెలలో మొదటి ఆదివారం ఉచితం అని సంబరపడి వెళ్లకండి, తిరనాళ్లే.

10. తిండి, ముఖ్యంగా శాకాహారులకి

మాంసం తినను అంటే చేప తింటారనుకుంటారు. "సెంజా కార్నె, సెంజా పెషె" అని రెండూ చెప్పాలి. టమాటా సాస్ పాస్తా, నిమ్మకాయ పాస్తా, వంకాయ ముక్కలు పొరలుగా పేర్చి కాల్చే పర్మిజానా ధైర్యంగా అడగొచ్చు. సూప్‌ల్లో, ఉడికించిన కూరల్లో పంది మాంసం ముక్కలో నెత్తళ్లో దూరే అవకాశం ఉంది, అడిగి తినండి. నియమం గట్టిగా ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది: మొజరెల్లా, పర్మిజానో లాంటి సంప్రదాయ చీజ్‌లకి పాలు విరవడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. అదీ వద్దంటే మరినారా పిజ్జా ఉంది, దాని మీద చీజ్ ఉండదు, టమాటా, వెల్లుల్లి, నూనె అంతే, ఆకలి మీద అదే అమృతం.

రాత్రి భోజనం ఏడున్నరకి ముందు దొరకదు, పిల్లలకి ఏదో ఒకటి దగ్గరుంచుకోండి. బిల్లులో కొపెర్తో అని, బల్ల దగ్గర కూర్చున్నందుకు, మనిషికి రెండు మూడు యూరోలు వేస్తారు, టిప్ ఇవ్వక్కర్లేదు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు.

11. తిరుగు ప్రయాణం

విమానం రోమ్ నుంచి పొద్దున్నే ఉంటే ముందు రాత్రి రోమ్‌లోనే పడుకోండి. ఇటలీలో రవాణా సమ్మెలు మామూలే, కాకపోతే ముందే ప్రకటిస్తారు. సమ్మె రోజున కూడా పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని ప్రాంతీయ రైళ్లు కచ్చితంగా నడపాలని రూలుంది. బయల్దేరే వారం "షోపెరో" (సమ్మె) అనే మాట, మీ తేదీ కలిపి ఒకసారి వెతికి చూసుకోండి, తేదీ తగిలితే ఆ రెండు వేళల్లో ఒకదానికి మీ ప్రయాణం మార్చుకోండి.